జీ ప్లస్ టూ, ఐదు పోర్షన్లు: కొనేముందు ఏం చూడాలి?

బోడుప్పల్_బాబు: హైదరాబాద్ బోడుప్పల్‌లో 150 గజాల్లో జీ ప్లస్ టూ (గ్రౌండ్, దాని మీద రెండంతస్తులు) ఇల్లు, పైన పెంట్‌హౌస్. ఐదు పోర్షన్ల అద్దె 42 వేలు, అడిగేది 1.40 కోట్లు. ఇలాంటిది కొనడం ఇదే మొదలు. పేపర్లేం చూడాలి? రేటు గిట్టుబాటా? లోన్ ఎంతొస్తుంది?

సీతాఫలం: 42 వేలని చెప్పింది ఎవరు, ఓనరేనా? ప్రతి పోర్షన్ తలుపూ కొట్టి అడగండి. మాకు అమ్మినాయన బావమరిదిని రెండో అంతస్తులో కూర్చోబెట్టి అద్దె 14 వేలన్నాడు. రిజిస్ట్రేషన్ అయ్యీ కాగానే ఖాళీ! టులెట్ బోర్డు పెడితే 9 వేలకు మించి అడిగినవాళ్లు లేరు. కిరాయిదార్ల అడ్వాన్సులు కూడా ధరలో తగ్గించుకోండి, రేపు తిరిగివ్వాల్సింది మీరే.

ఈసీ_పిచ్చోడు: అద్దెల సంగతి తర్వాత. ముందు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల లిస్టులో, సర్వే నంబరు వెతకండి. బోడుప్పల్‌లో కొన్ని నంబర్ల మీద వక్ఫ్ క్లెయిమ్ ఉంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల చిట్టా) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. ఈసీ క్లీన్ అని మురిసిపోకండి. పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు అందులో కనపడకపోవచ్చు, బ్యాంకు తాకట్లు నమోదయ్యే సెర్సాయ్‌ రిజిస్టర్‌లోనూ చూడండి. ఒరిజినల్స్ చూపించకుండా జిరాక్సులిస్తే లేచి వచ్చేయండి. అన్నట్టు, పెంట్‌హౌస్ ప్లాన్‌లో ఉందా?

మేస్త్రీ_నంబర్1: ఇరవై ఏళ్లుగా ఇదే లైన్‌లో ఉన్నా. ప్లాన్‌లో ఉన్న పెంట్‌హౌస్ ఈ ఊళ్లో ఒక్కటి చూపించండి! ఊరికే భయపెట్టకండి సార్.

ఈసీ_పిచ్చోడు: అందరూ వేస్తే సక్రమం అయిపోతుందా? రేపు నోటీసొస్తే మీరొచ్చి కడతారా?

మేస్త్రీ_నంబర్1: బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) కింద రెగ్యులరైజ్ అవుతుంది.

ఈసీ_పిచ్చోడు: అది 2015 అక్టోబర్ 28కి ముందు కట్టినవాటికి. పైగా హైకోర్టులో చిక్కుకుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఇదేనా?

మేస్త్రీ_నంబర్1: మాటలు మర్యాదగా రానీయండి.

మీటర్_మామ: మీ గొడవ ఆపండయ్యా. బాబూ, మీటర్లెన్ని? ఒకటే అయితే ఐదిళ్ల యూనిట్లూ కలిసి పై శ్లాబులో పడతాయి. సబ్‌మీటర్ రీడింగ్ పట్టుకుని ప్రతి నెలా పంచాయితీయే. పాత బకాయిలు లేవని రాయించుకోండి.

సీతాఫలం: బోరు ఏప్రిల్‌లో చూడండి. మాకు వేసవంతా ట్యాంకర్లే, అద్దెలో సగం దానికే.

బోడుప్పల్_బాబు: థాంక్స్ అందరికీ. గిట్టుబాటేనా మరి?

మీటర్_మామ: అద్దె ఏడాదికి 5.04 లక్షలు, అంటే అడిగే ధరలో 3.6 శాతం. అదీ ఖర్చులు తీయకముందు. హోమ్ లోన్ వడ్డీకే చాలదు.

మేస్త్రీ_నంబర్1: భూమి రేటు పెరుగుతుంది కదా, అది లెక్కలేదా?

ఈసీ_పిచ్చోడు: మళ్లీ మొదలెట్టాడు.