ఉదయగిరి చెక్క పనిని వీడియోలతోనే నేర్పవచ్చా?

పెన్నాతీరం (నెల్లూరు):
ఉదయగిరి చెక్క చెంచాల పనిని కొత్తవారికి నేర్పడానికి మా మిత్రబృందం ఒక ప్రతిపాదన తయారు చేస్తోంది. పని తెలిసిన పెద్దల చేత ఒక్కొక్క వస్తువును మొదటి నుంచి చివరి వరకు చేయించి, వీడియోలు తీసి, ఫోను ఉన్నవారందరికీ ఉచితంగా అందిస్తే రోజువారీ శిక్షకుడి ఖర్చు తప్పుతుందని బృందంలో ఎక్కువమంది అంటున్నారు. వీడియోలు తీయాలన్న మాట నాకు నచ్చింది కాని, శిక్షకుడు అక్కరలేదన్న మాట నచ్చలేదు. చేతిపని చేసినవారు, నేర్పినవారు ఏమంటారు?

చిత్రిక (ఉదయగిరి):
వీడియో చూసి చెంచా రూపం తెలుసుకోవచ్చు గాని కర్రను తెలుసుకోలేరు. నర్ది అయినా బిక్కి అయినా ఒక్కొక్క ముక్కలో నార ఒక్కొక్క వాటంగా నడుస్తుంది. వాటం వెంబడి ఉలి నడిపితే పొర పల్చగా లేస్తుంది, ఎదురువాటంలో పెడితే పెచ్చు లేచి, అప్పటిదాకా చేసిన పనంతా వ్యర్థమవుతుంది. ఉలి ఎదురు తిరగబోతున్నదన్న సంగతి పనివాడికి ముందుగా మణికట్టులో తెలుస్తుంది, ఆ తరువాతే కంటికి కనిపిస్తుంది. ఉలి పదును తగ్గిందని, కర్ర ఇంకా పచ్చిగా ఉందని, ఇంతకు మించి చెక్కితే చెంచా గిన్నె అడుగు పగులుతుందని తెర మీద చూసి ఎవరూ గ్రహించలేరు. పైగా వీడియో తీసేవారు విరిగిన ముక్కలను తీసేసి, చక్కగా కుదిరిన ముక్కనే చూపిస్తారు. అలాంటి వీడియో చూసి కూర్చున్న పిల్లవాడు తన మూడో ముక్క కూడా పగిలేసరికి, లోపం తన చేతిలోనే ఉందనుకొని పని మానేస్తాడు.

కావలి శిక్షకుడు:
చిత్రిక గారి మాట చెక్క పనికి వర్తిస్తుంది కాని, దాన్ని అన్ని పనులకూ చుట్టబెట్టడం సరికాదని నా మనవి. నేను వెల్డింగ్ నేర్పుతాను. మా పనిలో నేర్చుకోవలసిన అసలు విషయం ఎలక్ట్రోడు (చేత్తో పట్టి కాల్చే వెల్డింగ్ కడ్డీ) కొన కింద కరిగిన ఇనుప మడుగులో ఉంటుంది: అది ఎంత వెడల్పుగా ఉంది, దాని వెనుక స్లాగ్ (పైన తేలే మడ్డి) ఎక్కడ విడిపోతోంది, అంచులు రెండు వైపులా కరిగిన ఇనుముతో తడుస్తున్నాయా లేదా అన్నది చూడాలి. నేను వెల్డ్ చేసి చూపిస్తుంటే, ముసుగులు పట్టుకొని చుట్టూ నిలబడ్డ పిల్లల్లో ఇద్దరికి మించి ఆ మడుగు కనిపించదు, కనిపించినా నా చెయ్యి అడ్డం వస్తుంది. నల్లటి వడపోత అద్దం పెట్టిన కెమెరాతో తీసిన వీడియోలో అది తరగతి అంతటికీ పెద్దదిగా కనిపిస్తుంది, కావలసిన చోట ఆపవచ్చు, అరగంట ఉపన్యాసం తప్పుతుంది. ఈ ఒక్క సంగతిలో వీడియో నాకంటే మంచి గురువని ఒప్పుకోవడానికి నాకేమీ చిన్నతనం లేదు.

అయితే ఎలక్ట్రోడు కాలేకొద్దీ పొట్టిదవుతుంది కనుక, చెయ్యి పక్కకు జరుగుతూనే అదే లెక్కన కిందికీ దిగుతుండాలి, 3.15 మి.మీ. మందం ఎలక్ట్రోడు అయితే కొనకూ ఇనుముకూ నడుమ దాదాపు అంతే ఎడం నిలవాలి. ఈ రెండు కదలికల పొందిక ఎన్ని వీడియోలు చూసినా రాదు, ఎలక్ట్రోడ్లు కాల్చాల్సిందే. కాల్చిన తరువాత అతుకు అంచు వెంట గాడి పడిందనుకోండి. కరెంటు ఎక్కువైనా ఆ గాడి పడుతుంది, ఎడం పెరిగినా పడుతుంది, చెయ్యి వేగంగా జరిగినా పడుతుంది. పిల్లవాడికి గాడి ఒక్కటే కనిపిస్తుంది, పక్కనే ఉండి చూసిన మేస్త్రికి కారణం కూడా తెలుస్తుంది. కాబట్టి మీ ప్రతిపాదనలో వీడియోను ఉంచండి, మేస్త్రిని తీసేయకండి.

ఒంగోలు టైలరమ్మ:
ఇల్లు కదలలేని ఆడవాళ్ళ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. చంటిబిడ్డ ఉన్నవారు, అత్తమామలకు వండిపెట్టాల్సినవారు మా కేంద్రానికి ఉదయం పదింటికి రాలేరు. వాళ్ళు రాత్రి వంటిల్లు సర్దుకున్నాక జాకెట్టు కటింగు, మగ్గం వర్కు వీడియోలు చూసి, చంక గుండ్రం ఎలా తీయాలో అదే ముక్కను పదిసార్లు వెనక్కి తిప్పుకొని నేర్చుకుంటున్నారు. నన్నైతే మూడోసారి అడగడానికే మొహమాటపడతారు. కొలతలు, గీతలు, కత్తిరింపు వరుస ఇలా బాగానే వస్తున్నాయి. దారం బిగువు చూడటానికి బాబిన్ కేసును (మిషను అడుగు దారం డబ్బీని) దారంతో పట్టి వేలాడదీసి కొద్దిగా ఊపితే కొంచెం దిగి ఆగాలన్న సంగతి కూడా వీడియోలో చక్కగా తెలుస్తుంది. తేడా ఎక్కడ వస్తుందంటే, వీడియోలో చెప్పిన కొలత లెక్క సగటు ఒంటికి సరిపోతుంది కాని, ఒక భుజం వాలిన మనిషి ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు చేతులాడవు. అందుకని అందరినీ రోజూ రమ్మనకుండా వారానికి ఒక్కరోజు కుట్టినవి పట్టుకొని రమ్మంటే చాలునని నా అభిప్రాయం.

పడుగుపేక (వెంకటగిరి):
2022 నుంచి మా ఊరు తిరుపతి జిల్లాలో ఉన్నా, చర్చ నెల్లూరుదే అనుకొని చెబుతున్నాను. అసలు ఈ వాదమంతా శిక్షకుడి జీతం మిగల్చాలన్న కోరికలోంచి పుట్టింది. 2023లో చేతివృత్తులవారి కోసం మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో కూడా ప్రాథమిక శిక్షణను మనుషులే ఇస్తారు, అది ఐదు నుంచి ఏడు రోజులు, నేర్చుకొనేవారికి రోజుకు 500 రూపాయల భత్యం. ఆ పథకం వర్తించే 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది, మా నేత లేదు, అది వేరే గోడు. వారం రోజుల్లో ఎవరూ పనివాళ్ళు కారు, నిజమే. కాని నేర్చుకొనే రోజుల్లో కూలి పోతుందని ఆ పథకం గుర్తించింది. ఉచిత వీడియో ఆ కూలి ఇవ్వదు. మగ్గం లేని ఇంట్లో పోగు అతికే వీడియో చూసి ఏం చేస్తారు?

కావలి శిక్షకుడు:
పడుగుపేక గారూ, జీతం సంగతి మీరన్నది నిజం. కాని వీడియో అనగానే మనిషిని తప్పించడమే అనుకోనక్కరలేదు. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో మొదలైన డిజిటల్ గ్రీన్ పద్ధతిలో ఆ ప్రాంతపు రైతులనే వీడియో తీసి, ఊరివారిని ఒకచోట కూర్చోబెట్టి చూపిస్తారు. చూపించే మనిషి మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగిస్తాడు. చెంచాల పనికి ఆ నమూనా కుదురుతుంది.

పెన్నాతీరం (నెల్లూరు):
అందరికీ కృతజ్ఞతలు. ప్రతిపాదనను ఇలా మారుస్తున్నాను: వీడియోలు ఇంట్లో చూడటానికి, వారంలో రెండు రోజులు జీతం మీద పెట్టుకున్న, పని తెలిసిన ఒక పెద్దవారి దగ్గర కూర్చొని చెక్కడానికి, ఆ రెండు రోజులకూ నేర్చుకొనేవారికి భత్యం. దీనికి బృందం ఒప్పుకోకపోతే నేను పక్కకు తప్పుకుంటాను. చిత్రిక గారూ, మీకింకా అభ్యంతరం ఉందా?

చిత్రిక (ఉదయగిరి):
ఈ పద్ధతికి అభ్యంతరం లేదు గాని మూడు షరతులున్నాయి. ఎదురుగా కెమెరా పెడితే కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక చెక్కే ఆమె భుజం వెనుక నుంచి తీయాలి. పగిలిన ముక్కలను కత్తిరించకుండా, ఎందుకు పగిలిందో ఆమె నోటనే చెప్పించాలి. వీడియోకు కూర్చున్న రోజు ఆమె ఎన్ని చెంచాలు చేయగలిగేదో లెక్కగట్టి ఆ డబ్బు అదే సాయంత్రం ఇవ్వాలి. మా పని చేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు, చేసిన ముక్కల లెక్కన బతికేవాళ్ళు. కెమెరా కోసం నెమ్మదిగా చెక్కితే ఆ రోజు సగం కూలి పోతుంది.