హైస్కూలు చదువు నాణ్యతను దేన్ని చూసి తేల్చుకోవాలి?

మా అమ్మాయిని వచ్చే ఏడాది హైస్కూల్లో చేర్చాలి. ప్రతి బడీ 100 శాతం ఉత్తీర్ణత అంటోంది. ప్రవేశ పరీక్ష పెట్టి చురుకైన పిల్లలనే ఏరుకుని, వెనకబడినవారిని తుది పరీక్షలకు ముందే సాగనంపితే ఆ అంకెలో బడి గొప్పతనం ఎంత? చేరేనాటికి ఎక్కడున్న పిల్లలు చదువు ముగిసేసరికి ఎక్కడికి చేరారన్నదే అసలు లెక్క అని నా నమ్మకం. అది మాత్రం ఏ కరపత్రంలోనూ ఉండదు.

ఒక బడిలో నోటు పుస్తకాలు చూపించమని అడిగాను. పేజీ పేజీకీ ఎర్ర సిరా టిక్కులే. తప్పు ఎక్కడ జరిగిందో ఒక్క మాటా లేదు. పైగా అందరి వ్యాసాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే!

ఉపాధ్యాయులు ఏటా మారిపోతున్నారా అన్నది ఎవరిని అడిగితే తెలుస్తుంది? తరగతిలో కాసేపు కూర్చోనిస్తే ఏమి గమనించాలి? బోధనలో ఉన్నవారు దయచేసి చెప్పండి.