పాత సీడీ ప్లేయర్‌లో ఎడమవైపు గరగర: డాక్ చిప్ మార్చాలా?

ప్రశ్న (బరంపురం):
అందరికీ నమస్కారం. మా మేనమామ 1989లో దుబాయ్ నుంచి తెచ్చిన సీడీ ప్లేయర్ ఇప్పుడు నా దగ్గరుంది. మూత విప్పితే లోపల టీడీఏ1541ఏ (సీడీలోని అంకెల్ని సంగీత సిగ్నల్‌గా మార్చే డాక్ చిప్), దాని పక్కన ఎస్ఏఏ7220 (డాక్‌కి ముందుండే డిజిటల్ ఫిల్టర్ చిప్), రెండు ఎన్ఈ5532లు (డాక్ తర్వాత సిగ్నల్‌ని అందుకునే ఆప్‌ఆంప్ చిప్‌లు) కనిపించాయి. ఆన్ చేసిన అరగంట వరకు బాగానే పాడుతుంది. ఆ తర్వాత ఎడమవైపు చప్పుడు తగ్గిపోతుంది, నాదస్వరం పైస్థాయికి వెళ్ళిందంటే గరగరమంటుంది. కుడివైపు శుభ్రంగా ఉంటుంది. కేబుళ్ళు అటూ ఇటూ మార్చి చూశాను, తప్పు యాంప్‌ది కాదు.

ఇక్కడ ఒక రిపేరు షాపులో చూపిస్తే "చిప్‌లోంచి సిగ్నలే రావడం లేదు, డాక్ పోయింది" అన్నారు. నెట్‌లో కిరీటం గుర్తున్న (ఏరి తీసిన మేలురకం) 1541ఏ దొరుకుతోంది. 7220 తీసేస్తే ఇంకా సహజంగా వినిపిస్తుందని కూడా చదివాను. రెండు పనులూ ఒకేసారి చేసేద్దామా? సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది, ఆసిలోస్కోప్ లేదు.

రాయగడ నుంచి:
అన్నా, తొందరపడి చిప్ కొనకు. 1541ఏ తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. మామూలు చిప్‌ని గీకి పైన కిరీటం ముద్ర వేసి అమ్మేవాళ్ళున్నారు. నాకైతే అవుట్‌పుట్ కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి పాట సిగ్నల్‌ని మాత్రం బయటికి పంపేది) ఎండిపోయిందనిపిస్తోంది.

పర్లాకిమిడి నుంచి:
బాబూ, నేను ముప్పై ఏళ్ళు రేడియోలు, టేపులు బాగుచేశాను. ముందుగా ఒక మాట. 1541ఏ ఇచ్చేది వోల్టేజి కాదు, కరెంటు. నిండు సిగ్నల్‌కి 4 మిల్లీ ఆంప్‌లు. ఎడమ అవుట్‌పుట్ 25వ కాలు, కుడిది 6వ కాలు. ఆ రెండు కాళ్ళనీ పక్కనున్న ఆప్‌ఆంప్ సున్నా వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది, అటూ ఇటూ 25 మిల్లీవోల్టులు దాటనివ్వకూడదు. అక్కడ మీటర్ పెడితే ఏమీ కనిపించదు, కనిపించకూడదు కూడా. ఆ షాపువాళ్ళు అక్కడే చూసి చిప్ పోయిందనుకుని ఉంటారు.

కప్లింగ్ కెపాసిటర్ ఎండితే ముందు బేస్ పోతుంది, వేడితో సంబంధం ఉండదు. నువ్వు చెప్పేది వేడెక్కాక వస్తోంది, గట్టిగా పలికేచోటే వస్తోంది. ఇది లీకేజీ లక్షణం, అంటే సిగ్నల్ కొంత ఎక్కడో నేలకి (గ్రౌండ్‌కి) కారిపోతోంది.

ఇలా చెయ్యి. కంప్యూటర్‌లో 400 హెర్ట్జ్ సైన్ టోన్‌ని నిండు స్థాయిలో ఒక సీడీ-ఆర్‌కి ఎక్కించు. 400 ఎందుకంటే, మామూలు మల్టీమీటర్ ఏసీ రేంజి అంతకు పైన సరిగ్గా చూపించకపోవచ్చు. మిషను 40 నిమిషాలు నడవనీ. ముందు చిప్ సప్లై చూడు: 28వ కాలుకి ప్లస్ 5, 26కి మైనస్ 5, 15కి మైనస్ 15 రావాలి. తర్వాత రెండు 5532లలో 1, 7 కాళ్ళ దగ్గర ఎడమని కుడితో పోల్చు. చివర్లో వెనక జాక్ దగ్గర చూడు, అక్కడ 2 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. ఏ మెట్టు దగ్గర ఎడమ, కుడి విడిపోతాయో తప్పు అక్కడుంది.

ప్రోబ్ జారి రెండు కాళ్ళు కలిస్తే అప్పుడు నిజంగానే చిప్ పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు చెయ్యి పెట్టకు. లెన్స్‌లోకి తొంగి చూడొద్దు, ఆ లేజర్ కంటికి కనిపించదు.

ప్రశ్న వేసినవారు:
మాస్టారూ, చూశాను. సప్లైలు మూడూ సరిగ్గా ఉన్నాయి. ఆప్‌ఆంప్‌ల దగ్గర ఎడమ 2.05, కుడి 2.04. వెనక జాక్ దగ్గర కుడి 2.01, ఎడమ 1.38! మధ్యలో ఉన్నవి కెపాసిటర్, రెసిస్టర్, నేలకి కలిపి ఉన్న ఒక చిన్న ట్రాన్సిస్టర్, అంతే.

పర్లాకిమిడి నుంచి:
దొరికింది. అది మ్యూట్ ట్రాన్సిస్టర్. ఆన్ చేసేటప్పుడు, పాట మారేటప్పుడు టప్‌మనకుండా సిగ్నల్‌ని నేలకి దించుతుంది. పాట నడిచేటప్పుడు పక్కకి తప్పుకోవాలి, నీ దానిలో పూర్తిగా తప్పుకోవడం లేదు. ప్లగ్ పీకేసి దాని కలెక్టర్ కాలు ఒక్కటే లేపి, మళ్ళీ వేడెక్కించి చూడు. యాంప్ మాత్రం కలపకు. ఎడమ 2కి వస్తే ట్రాన్సిస్టర్ మార్చు, రెండు వైపులవీ కలిపి మార్చు. అదే నంబరు దొరకకపోతే మ్యూటింగ్ కోసమే తయారైన 2ఎస్‌సీ2878 తెప్పించుకో. కాళ్ళ వరుస వేరు కావచ్చు, డేటాషీట్ చూశాకే వెయ్యి. అసలు లేకుండా వదిలేస్తే మాత్రం ఏదో ఒక రోజు స్పీకర్ మీదికి వస్తుంది.

ఇక 7220 సంగతి. దాన్ని పీకితే ప్లేయర్ మూగబోతుంది. 11.2896 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ దానికే కట్టి ఉంటుంది, సీడీ నుంచి చదివిన డేటాని విప్పే డీకోడర్ చిప్‌కి క్లాక్ (తాళం పట్టే సిగ్నల్) అక్కడినుంచే వెళ్తుంది. వేరే క్లాక్ కట్టాలి. కట్టినా, 20 కిలోహెర్ట్జ్ దగ్గర చప్పుడు 3 డెసిబెల్‌కి పైగా తగ్గుతుంది. 7220 ఉంటే సీడీ శాంప్లింగ్ రేటు 44.1 కిలోహెర్ట్జ్‌ని నాలుగింతలు చేసి 176.4కి తీసుకెళ్తుంది కాబట్టి వెనకున్న చిన్న ఫిల్టర్ సరిపోతోంది. అది లేకపోతే 20 కిలోహెర్ట్జ్ స్వరానికి 24.1 దగ్గర పుట్టే నీడ (రికార్డింగులో లేని నకలు స్వరం) నేరుగా యాంప్‌లోకి పోతుంది. ఆ మెత్తదనం కొందరికి ఇష్టమే, తప్పనను. కానీ అంత బాగా కట్టిన ఫిల్టర్‌ని తీసేయడానికి నాకు మనసొప్పదు.

చేతులు ఊరుకోకపోతే చేయదగ్గవి ఉన్నాయి. సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చు, 105 డిగ్రీలవి వెయ్యి. 5532లు తీసి సాకెట్లు పెట్టు, 4, 8 కాళ్ళ మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి అతి దగ్గరగా వెయ్యి. ఆ తర్వాతే 5532 బదులు ఓపీఏ2134 ఆప్‌ఆంప్ పెట్టి విను. 1541ఏ చుట్టూ 7 నుంచి 13, 18 నుంచి 24 కాళ్ళకి పద్నాలుగు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, బాగున్నంతకాలం వాటి జోలికి పోకు. ఆ పాత బోర్డు రాగి పట్టీ ఎక్కువ వేడికి లేచొచ్చేస్తుంది.

ప్రశ్న వేసినవారు:
కాలు లేపగానే ఎడమ 2.00! ట్రాన్సిస్టర్ తీసి చూస్తే కాళ్ళ మొదట్లో పచ్చగా చిలుము పట్టి ఉంది. 2013లో ఫైలిన్ తుఫానుకి గోపాల్‌పూర్ దగ్గర మామయ్య వాళ్ళ ఇంట్లో నీళ్ళు కారినప్పుడు ఇది కూడా తడిసిందట, ఈరోజే చెప్పారు. రెండూ మార్చాను. గంటన్నరగా నాదస్వరం నడుస్తోంది, రెండు వైపులా ఒకేలా ఉంది. మామయ్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. 7220 అలాగే ఉంచుతున్నాను మాస్టారూ. ఆ రాగి పట్టీకి ఐరన్ ఎన్ని వాట్లది వాడాలి?

పర్లాకిమిడి నుంచి:
25 వాట్లది చాలు. ఒక్కో కాలు మీద మూడు సెకన్లకు మించి పెట్టకు. సక్కర్‌తో (కరిగిన సోల్డర్‌ని పీల్చే పంపుతో) లాగేముందు కాస్త కొత్త సోల్డర్ కలుపు, పాతది తేలిగ్గా వచ్చేస్తుంది.