కరెంటు లైను లేని చెక్క గదికి 12 వోల్టులా, 24 వోల్టులా?

ప్రశ్న:
కరెంటు స్తంభాలకు దూరంగా ఉన్న చిన్న చెక్క గదికి సౌర విద్యుత్తు ఏర్పాటు చేసుకుంటున్నాను. 5 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు ఆరు, 45 వాట్ల డీసీ ఫ్రిజ్, 60 వాట్ల నీటి పంపు, 60 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్ ఉంటాయి. లెక్క వేస్తే రోజుకు సుమారు 700 వాట్ అవర్లు వస్తోంది. బ్యాటరీలోని డీసీని ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్, ఏ పనీ లేనప్పుడు కూడా 15 వాట్లు తీసుకుంటూ, రోజుకు 360 వాట్ అవర్లు, అంటే నా వాడకంలో సగం, ఊరికే మింగేస్తుంది కనుక అన్నీ నేరుగా డీసీ మీదే నడపాలనుకుంటున్నాను. బ్యాటరీ పెట్టె గదికి 12 మీటర్ల దూరంలో, ప్యానెళ్ల పక్కన ఉంటుంది. 12 వోల్టులు చాలుతాయా?

మొదటి జవాబు:
రోజువారీ వాడకాన్ని బట్టి బ్యాటరీ పరిమాణం తేలుతుంది గానీ వోల్టేజీ తేలదు. దాన్ని తేల్చేవి ఒకేసారి నడిచే లోడు, తీగ పొడవు. మీవన్నీ కలిసి నడిస్తే 195 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర సుమారు 16 ఆంపియర్లు. రానూపోనూ 24 మీటర్ల రాగి తీగ 4 చదరపు మిల్లీమీటర్లదైతే దారిలోనే 1.7 వోల్టులు, అంటే 14 శాతం పోతుంది. పంపు మొదలయ్యే క్షణంలో ఇంకా పడిపోయి, బ్యాటరీ నిండుగా ఉన్నా ఫ్రిజ్ ఆగిపోవచ్చు. అదే తీగలో 24 వోల్టులైతే నష్టం 3.5 శాతమే. 12 వోల్టులతో అంత తక్కువ నష్టం కావాలంటే 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయాలి. నేనైతే 24 వేస్తాను.

రెండవ జవాబు:
లెక్క సరైనదే, కానీ ఆ 12 మీటర్లను బ్యాటరీకి, గదికి మధ్య ఎందుకు ఉంచాలి? బ్యాటరీని గదిలోకి తెచ్చి, పొడవైన తీగను ప్యానెళ్ల వైపుకు నెట్టండి. 150 వాట్ల ప్యానెళ్లు రెండింటిని సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను రెండవదాని మైనస్‌కు) కలిపి, ప్యానెళ్ల ఎక్కువ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్‌కు ఇస్తే, ఆ తీగలో దాదాపు 36 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లే ప్రవహిస్తాయి. అక్కడ కొంత పోయినా ఫ్రిజ్‌కు తెలియదు. బ్యాటరీ వైపు 30 ఆంపియర్ల కంట్రోలర్ సరిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే పెట్టె తప్పనిసరి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు ఆ బెడద లేదు గానీ, సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని చార్జ్ చేయకూడదు.

మూడవ జవాబు:
వోల్టేజీ ఏదైనా, ఇంటి ఏసీ స్విచ్‌లు, ఎంసీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే ఆగే స్విచ్‌లు) డీసీకి వాడకండి. 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తెరుచుకున్నప్పుడు పుట్టే నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో ఆ విరామం లేదు. 12 వోల్టులు షాక్ కొట్టవు కదా అని చాలామంది ఫ్యూజ్ మానేస్తారు, కానీ షార్ట్ అయితే బ్యాటరీ ఇచ్చే కరెంటుకు తీగ ఎర్రగా కాలుతుంది. పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా, తీగ తట్టుకోగల ఆంపియర్లకు మించని ఫ్యూజ్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
బ్యాటరీని గది లోపలి గోడకే మారుస్తున్నాను. తీగ 3 మీటర్లకు తగ్గింది. 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 వోల్టుల లోపే పోతుంది కాబట్టి 12 కే ఉంటాను. తర్వాత లోడు పెరిగి 24 కు మారితే, సిరీస్‌లోని రెండు బ్యాటరీలలో ఒకదాని నుంచి పాత పరికరాలకు 12 తీసుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దు. ఆ ఒక్క బ్యాటరీ ఎక్కువగా ఖాళీ అవుతుంది, రెండవది ఓవర్‌చార్జ్ అవుతుంది, కొన్నాళ్లకు రెండూ పాడవుతాయి. 24 నుంచి 12 కు మార్చే డీసీ కన్వర్టర్ పెట్టుకోండి.