బిల్డ్ సర్వర్‌లో చేత్తో మార్పులు చేయొచ్చా, అంతా ఫైల్లోనే రాయాలా?

టవర్‌క్లాక్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది సప్తగిరి సర్కిల్ దగ్గర ఆరుమంది పనిచేసే చిన్న ఆఫీసు. శెనక్కాయల మండీ వ్యాపారులకు బిల్లులు, లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఎవరు కోడ్ పుష్ చేసినా (రాసిన కోడ్ పంపినా) టెస్టులు నడిపి బిల్డ్, అంటే వాడకానికి సిద్ధమైన ప్రోగ్రామ్, తయారు చేసేది మూలన ఉన్న జెంకిన్స్ సర్వర్. పోయిన నెల కరెంటు పోతూ వస్తూ ఉండి ఆ మెషిన్ కాలిపోయింది. కొత్త మెషిన్‌లో ఉబుంటు వేసి, బ్యాకప్‌లో ఉన్న జాబ్‌లు, పాస్‌వర్డులుండే క్రెడెన్షియల్స్ ఫైలు తెచ్చి పెట్టాను. గంట పని అనుకున్నా, మూడు రోజులు పట్టింది.

మొదటి దెబ్బ పాస్‌వర్డులు. జెంకిన్స్ వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది. ఆ తాళంచెవి సీక్రెట్స్ అనే వేరే ఫోల్డర్లో ఉంటుంది. మా బ్యాకప్‌లో ఆ ఫోల్డరే లేదు. ఒక్క పాస్‌వర్డు కూడా తెరుచుకోలేదు, అన్నీ కొత్తగా పెట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత ‘నోడ్ కమాండ్ నాట్ ఫౌండ్’. నోడ్ అంటే మా బిల్డ్‌కు కావాల్సిన, జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్. నేను లాగిన్ అయి కొడితే అది పలుకుతుంది, బిల్డ్‌లో పలకదు. కారణం తెలిసేసరికి రాత్రి పదకొండయింది. నేను ఎన్‌వీఎం అనే టూల్‌తో వేసిన నోడ్ నా హోమ్ ఫోల్డర్లో ఉంది, అదెక్కడుందో చెప్పే పాత్ నా బాష్‌ఆర్‌సీలో (నా సొంత షెల్ సెట్టింగుల ఫైల్లో) ఉంది. బిల్డ్ నడిపేది జెంకిన్స్ అనే వేరే యూజర్. ఆ యూజర్ కమాండ్లు నడిపే షెల్ నా బాష్‌ఆర్‌సీని చదవదు. పాత మెషిన్‌లో ఇదంతా ఎవరో చేత్తో సర్ది ఉంటారు. దాన్ని పెట్టిన అన్న రెండేళ్ల కిందటే బెంగళూరు వెళ్లిపోయాడు.

మూడోది మెమరీ. హీప్ (జెంకిన్స్ వాడుకోగల మెమరీ) పెంచుదామని అలవాటు ప్రకారం ‘డిఫాల్ట్’ అనే ఫోల్డర్లోని ‘జెంకిన్స్’ అనే ఫైల్లో మార్చాను. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా పట్టలేదు. 2022లో వచ్చిన 2.332.1 నుంచి జెంకిన్స్ ప్యాకేజీ సిస్టమ్‌డీకి (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్‌కు) మారింది, పాత ఫైల్లో రాసింది ఇప్పుడు పనిచేయదు. సిస్టమ్‌డీ ఓవర్‌రైడ్ అనే సెట్టింగుల ఫైల్లో రాస్తేనే పట్టింది.

ఇప్పుడు ఆఫీసులో గొడవేమిటంటే, ఇకమీదట సర్వర్ మీద ఎవరూ చేయి పెట్టకూడదు, ప్రతి సెట్టింగూ రిపోజిటరీలో (మా కోడ్ అంతా ఉండే చోట) ఫైలుగా ఉండాలి అని నేనంటాను. ఆరుమందికి అంత హంగామా ఎందుకు, మెషిన్ మీదే సరిచేసి నోటుబుక్కులో రాసుకుంటే చాలని మా సీనియర్ అంటారు. మీరేమంటారు?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

తమ్ముడూ, నువ్వు పడ్డ కష్టం అర్థమైంది. నేను పదిహేనేళ్లుగా సర్వర్లు చూస్తున్నా. నా మాట మీ సీనియర్ వైపే. నీ మూడు లోపాలనూ ఎట్లా పట్టుకున్నావు? లాగిన్ అయి, లాగ్ చదివి, చేత్తో మార్చి చూసే కదా. అది నిషేధిస్తే రేపు ఇంకో లోపాన్ని ఎవరు పట్టుకుంటారు?

మొన్న మా దగ్గర బిల్డులన్నీ క్యూలో ఆగిపోయాయి, ఫెయిలైనట్టు ఎర్ర గుర్తు కూడా లేదు. కుర్రోళ్లు పొద్దున్నుంచి జెంకిన్స్‌ఫైల్‌లో (బిల్డ్ మెట్లు రాసుకునే ఫైల్లో) ఒక్కో వరుస తిరగరాస్తూ కూర్చున్నారు. నేను వెళ్లి డిస్క్ చూశా, నిండిపోయింది. ఖాళీ జాగా 1 జీబీ కంటే తగ్గితే జెంకిన్స్ ఆ మెషిన్‌ను తనే ఆఫ్‌లైన్ చేస్తుంది. పాత బిల్డులు తీసేయమని ఎవరూ సెట్ చేయలేదు, రెండేళ్ల చెత్త పేరుకుపోయింది. ఇట్లాంటిది రిపోజిటరీలో ఎంత వెతికినా దొరకదు.

నీ నోడ్ సమస్యలాంటిది మళ్లీ వస్తే ముందు బిల్డ్‌లోనే హూ‌యామ్‌ఐ కొట్టి యూజర్ ఎవరో చూడు, ఎన్విరాన్‌మెంట్ మొత్తం ప్రింట్ చేయించు. దాన్ని నీ టెర్మినల్లో వచ్చేదానితో పక్కపక్కన పెట్టుకుంటే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. నీ సొంత లాగిన్‌తో పరీక్షించి ‘నాకు పనిచేస్తోంది’ అనుకోవద్దు, సుడోతో జెంకిన్స్ యూజర్‌గా మారి అప్పుడు చూడు.

ఏడురోడ్లు (కడప)

అన్నా, మీరు చెప్పిన పరీక్షలన్నీ సరే. కానీ చూడటం వేరు, మార్చడం వేరు. లాగిన్ అయి చూడొద్దని తమ్ముడు అనలేదు. చేత్తో మార్చి అట్లాగే వదిలేయొద్దంటున్నాడు. ఈ విషయంలో నేను గట్టిగా అతని వైపే, ఎందుకంటే వదిలేస్తే ఏమవుతుందో ఒక ఏడాది పాటు అనుభవించాను.

మునుపు పనిచేసిన చోట రెండు ఏజెంట్ మెషిన్లు (జెంకిన్స్ కోసం బిల్డులు నడిపేవి) ఉండేవి. ఒకరోజు అర్జెంటని ఎవరో మొదటి దాంట్లో ఒక లైబ్రరీ చేత్తో వేశారు, రెండోదాని సంగతి మరిచారు. ఆ రోజు నుంచి అదే కోడ్ ఒకసారి పచ్చగా, ఒకసారి ఎర్రగా వచ్చేది. ఏ మెషిన్ ఖాళీగా ఉంటే బిల్డ్ దానికి పోతుంది కాబట్టి మాకు లెక్క అందలేదు. నెట్ స్లో అన్నాం, టెస్ట్ సరిగా లేదన్నాం. చివరికి ఎర్రగా వస్తే కారణం చూడకుండా మళ్లీ బిల్డ్ నొక్కడం అందరికీ అలవాటయింది. నాకూ అయింది.

ఒక శుక్రవారం నిజంగానే కోడ్‌లో తప్పు ఉండి ఎర్రగా వచ్చింది. అలవాటుగా మళ్లీ నొక్కాం. ఆ టెస్టు మీద ముందే నమ్మకం పోయి ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టి రిలీజ్ చేశాం. కస్టమర్ల బిల్లుల్లో జీఎస్‌టీ రెండుసార్లు పడింది. సోమవారం పొద్దున ఆ ఫోన్లు ఎత్తింది నేనే. లైబ్రరీ వేసినవారి మీద నాకు కోపం లేదు, ఆ రోజు వాళ్లు సాయమే చేశారు. కానీ ఆ మార్పు గిట్‌లో (రిపోజిటరీలో మార్పుల లెక్క ఉంచే టూల్‌లో) ఉండి ఉంటే రెండో మెషిన్‌లో లేదని ఆ వారంలోనే ఎవరి కంటనో పడేది. మాకూ ఒక నోటుబుక్కు ఉండేది, బీరువాలోనే, అన్నా. దాన్ని తెరిచి చూడాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

పెన్నాతీరం (అనంతపురం)

నేను ఇక్కడ జేఎన్‌టీయూలో చదువుతున్నా. మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. సొంత సర్వర్ వదిలేసి, వాళ్ల మెషిన్ల మీదే బిల్డులు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌కు మారితే కరెంటు, డిస్క్ గొడవే ఉండదు కదా?

టవర్‌క్లాక్ (అనంతపురం)

అదీ లెక్క వేశాం తమ్ముడూ. ఉచిత ఖాతాలో ప్రైవేటు రిపోజిటరీలకు నెలకు 2,000 నిమిషాలు ఇస్తారు. మా బిల్డ్ ఒక్కోటి 14 నిమిషాలు. నెలకు 142 బిల్డులు, పనిరోజులు 24 అనుకుంటే రోజుకు ఆరు కూడా రావు. అంటే మనిషికి ఒక్క పుష్. డబ్బు కట్టొచ్చు, కానీ ఇప్పటికైతే మెషిన్ కొనేశాం.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

చెల్లెమ్మా, రెండు ఏజెంట్ల సంగతి చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నా. చేత్తో చేసిన మార్పు మరుసటి రోజుకల్లా ఫైల్లోకి ఎక్కాలి, ఒప్పుకుంటా. కానీ రాత్రి రెండింటికి రిలీజ్ ఆగిపోతే ముందు చేత్తో సరిచేయనివ్వాలి. అది మాత్రం వదులుకోను.

ఇంకో మాట. అన్నీ ఫైళ్లలో పెట్టగానే కష్టాలు తీరిపోతాయని తమ్ముడు అనుకోకూడదు. జెంకిన్స్ సెట్టింగులన్నీ ఫైల్లో రాసే కాన్ఫిగరేషన్ యాజ్ కోడ్ ప్లగిన్ వాడితే, ఆ యామల్ ఫైల్లో ఒక్క స్పేస్ తప్పినా జెంకిన్స్ లేవకుండానే ఆగిపోవచ్చు. బిల్డులన్నీ డాకర్‌లో (కావాల్సినవన్నీ ఒక ఇమేజ్‌గా కట్టి నడిపే టూల్‌లో) పెడతామంటే జెంకిన్స్ యూజర్‌ను డాకర్ గ్రూపులో చేరుస్తారు. అది ఇంచుమించు రూట్ అధికారం, అంటే మెషిన్ మీద పూర్తి అధికారం, ఇచ్చినట్టే. పైగా ఆ ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్ నుంచి లాగిన్ లేకుండా ఇమేజ్ తెచ్చుకుంటే ఒక ఐపీ అడ్రసుకు 6 గంటలకు 100 సార్లే. ఆఫీసంతా ఒకే ఐపీ వెనక ఉంటుంది. పరిమితి దాటిన రోజు బిల్డులన్నీ ఒకేసారి పడిపోతాయి, మీరేమో మీ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ ఉంటారు.

ఏడురోడ్లు (కడప)

డాకర్ గ్రూపు సంగతి నిజమే అన్నా. హబ్‌కైతే ఉచిత ఖాతా తెరిచి లాగిన్ అయినా పరిమితి పెరుగుతుంది.

తమ్ముడూ, మీ సీనియర్‌తో వాదన ఆపి ఒక పని చేయి. ఒక పాత పీసీ తీసుకో. మీ రిపోజిటరీలో రాసి ఉన్నదాన్ని మాత్రమే వాడి దాని మీద సర్వర్ లేపు. ఎవరినీ ఏమీ అడగొద్దు, సొంతంగా ఏమీ కలపొద్దు. ఎక్కడ ఆగిపోతావో అది ఎక్కడా రాయని సంగతి. నోటుబుక్కుతో అదే పని మీ సీనియర్‌ను చేయమను.

టవర్‌క్లాక్ (అనంతపురం)

అక్కా, శనివారం ఆ పని చేశాం. ఆయన నోటుబుక్కుతో, నేను రిపోజిటరీతో, ఒక్కొక్కరికి ఒక పాత పీసీ. ఇద్దరమూ ఆగిపోయాం.

జెంకిన్స్ నడవడానికి కావాల్సిన జావా వెర్షన్ ఆయన బుక్కులో 11 అని ఉంది. ఇప్పటి జెంకిన్స్ జావా 11 మీద లేవదు. ఆయన అక్కడే గంటన్నర ఆగారు. నేను ముందుకు పోయి బిల్లు పీడీఎఫ్ టెస్టు దగ్గర ఆగాను. తెలుగు అక్షరాల చోట గళ్లు వచ్చాయి. తెలుగు ఫాంటు పాత సర్వర్‌లో ఎవరో చేత్తో వేసిందట, ఎక్కడా రాసి లేదు. అది సరిచేసుకున్నాక ఇంకొకటి. మన టైము ప్రకారం రాత్రి రెండింటికి నడిచిన బిల్డ్‌లో తేదీ టెస్టు పడిపోయింది, అదే టెస్టు పొద్దున పదింటికి పాసయింది. కొత్త ఉబుంటు యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) మీద ఉంది. మనకు తెల్లవారుజాము 5:30 అయ్యేదాకా దానికి నిన్నటి తేదీయే. ఈ సంగతి పట్టుకుంది మా సీనియరే, లాగ్‌లో టైమ్ చూసి.

ఫాంటు, టైమ్‌జోన్, జావా వెర్షన్, నోడ్ వెర్షన్ నాలుగూ ఇప్పుడు సెటప్ స్క్రిప్టులో ఉన్నాయి. బురుజు అన్న చెప్పినట్టే, రాత్రిపూట చేత్తో సరిచేయొచ్చు, మరుసటి సాయంత్రానికి స్క్రిప్టులోకి ఎక్కాలి అని ఆయన ఒప్పుకున్నారు. సీక్రెట్స్ ఫోల్డర్‌ను మాత్రం రిపోజిటరీలో పెట్టలేదు. దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాం. ఒకటి ఆఫీసు బీరువాలో ఉంది, ఇంకోటి ఆయన ఇంట్లో.