వీడ్కోలు దీవెనలో ‘సమాధానం’ ఉంచాలా, ‘శాంతి’ అని మార్చాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఒక కతోలిక బడిలో చదువు ముగించి వెళ్తున్న పిల్లలకు ఫాదర్‌గారు చెప్పబోయే వీడ్కోలు మాటల తెలుగు సరిచూసే పని నా మీద పడింది. మాటలు బాగానే ఉన్నాయి. చిక్కంతా చివర్లో చదివే దీవెనతోనే. సంఖ్యాకాండం 6వ అధ్యాయం, 24 నుంచి 26 వరకు వచనాలు. “యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక” అని ఎత్తుకుని “నీకు సమాధానము కలుగజేయును గాక” అని ముగుస్తుంది.

వినేవాళ్ళేమో నిన్నమొన్నటిదాకా ప్రశ్నపత్రాలతో కుస్తీ పట్టినవాళ్ళు. ‘సమాధానం’ అనగానే వాళ్ళకు తట్టేది ఆన్సరే. “అదేదో పరీక్షకు ముందే ఇవ్వాల్సింది” అని వెనక బెంచీలో ఎవడో ఒకడు అనకపోడు. ‘శాంతి’ అని మార్చేస్తే పోలా? పైగా ఎదురుగా అంతమంది ఉంటే ‘నిన్ను’, ‘నీకు’ ఏమిటి? ఆ ‘గాక’ కూడా మరీ పాతగా ఉంది. ‘కాపాడాలి’ అంటే చాలదా?

జవాబు:

మార్చేయండి. అర్థం కాని దీవెన ఇచ్చి ఏం లాభం? శాంతి అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు.

జవాబు:

తొందరపడకండి. ‘నీకు శాంతి కలుగును గాక’ అని ఒకసారి పైకి చదివి చూడండి. ఏం వినిపించింది? నాకైతే ‘ఆత్మకు శాంతి కలుగుగాక’ వినిపించింది. తెలుగులో శాంతికి, కలగడానికి, గాకకు పొత్తు కుదిరేది ఎక్కువగా సంతాప సందేశాల్లోనే. బతుకులోకి అడుగుపెడుతున్న పిల్లలకు ఆ మాటతో సాగనంపితే వెనక బెంచీవాడు ఇంకా గట్టిగా నవ్వుతాడు.

ఇక సమాధానం అంటే జవాబు అని మనం అనుకోవడం పూర్తిగా తప్పు కాదు గానీ, అది ఆ మాటలో ఒక కొమ్మ మాత్రమే. సం, ఆ, ధా: చెదిరినదాన్ని చేర్చి, కుదురుగా ఒకచోట పెట్టడం. సమాధి కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. వేదాంతంలో సాధకుడికి ఉండాల్సిన గుణాలని శమదమాదులు ఆరు చెప్తారు కదా, వాటిలో చివరిది సమాధానమే. అక్కడ దాని అర్థం చిత్తం చెదరకుండా నిలవడం. చుట్టుపక్కల భాషలు చూడండి. తమిళం, మలయాళాల్లో ఈ మాటకు శాంతి, సంధి అనే అర్థమే వాడుక. మరాఠీలో తృప్తి. కన్నడంలో ఓదార్పు, ఊరట. హిందీలో పరిష్కారం. జవాబు దగ్గర గట్టిగా పాతుకుపోయింది మన దగ్గరే.

అలాగని మన దగ్గర కూడా పాత అర్థం చచ్చిపోలేదు. కొట్టుకుంటున్న ఇద్దరిని పెద్దమనిషి ‘సమాధానపరిచాడు’ అంటాం. కష్టం వచ్చినవాడు ‘మనసుకు సమాధానం చెప్పుకున్నాడు’ అంటాం. ఆ పెద్దమనిషి వాళ్ళకు జవాబులేమీ చెప్పలేదుగా!

మూలంలో ఉన్న హీబ్రూ మాట షాలోమ్. గొడవ లేకపోవడం దానిలో చిన్న భాగమే. లోటు లేకుండా నిండుగా ఉండటం అనేది అసలు భావం. అదే ధాతువు నుంచి బాకీ తీర్చడం అనే అర్థమున్న క్రియ కూడా వచ్చింది. తెలుగు బైబిలు అనువాదకులు షాలోమ్ దగ్గర సమాధానాన్నే పట్టుకున్నారు. యెషయా 9:6లో ‘సమాధానకర్తయగు అధిపతి’, న్యాయాధిపతులు 6:24లో ‘యెహోవా సమాధానకర్త’. ఇన్నిచోట్ల కుదురుకున్న మాటను ఒక్క నవ్వుకు భయపడి తీసేయడం నాకు నచ్చదు. ఆ నవ్వే ఫాదర్‌గారికి పనికొస్తుంది. “నేను ఆన్సర్ల గురించి చెప్పడం లేదు, ఆన్సరు దొరకని రోజున కూడా మీరు కుదురుగా ఉండాలని అంటున్నాను” అని ఒక్క వాక్యం ముందే వేస్తే సరి.

జవాబు:

పై జవాబుతో ఏకీభవిస్తాను. అయితే అసలు మార్చాల్సిన మాట వేరే ఉందని గమనించారా? ‘యెహోవా’. ఆ పేరును పూజలో, పాటల్లో, ప్రార్థనల్లో పలకవద్దని, దాని బదులు ప్రభువు అనే మాట వాడమని రోమ్‌లోని ఆరాధన వ్యవహారాల కార్యాలయం 2008లో పీఠాధిపతులకు లేఖ రాసింది. కాబట్టి కతోలిక గురువు నోట ‘ప్రభువు నిన్ను ఆశీర్వదించి’ అనే రావాలి.

‘నిన్ను’ సంగతికొస్తే, మూలంలోనే అది ఏకవచనం. యాజకులు జనమంతటినీ దీవించాల్సిన మాటలివి, అయినా ఒక్కరితో మాట్లాడినట్టే ఉంటాయి. లాటిన్ బైబిల్లోనూ ఏకవచనమే. పునీతుడు అసీసీ ఫ్రాన్సిస్ 1224లో తన సహచరుడు లియో కోసం ఒక తోలు ముక్క మీద ఈ దీవెననే స్వయంగా రాసిచ్చాడు. అది ఇప్పటికీ అసీసీలో భద్రంగా ఉంది. ఆయనకు ఎదురుగా ఉన్నది ఒక్కడే, ఏకవచనం అతికినట్టు సరిపోయింది. పూజ పుస్తకంలో మాత్రం ఈ దీవెనను సంఘమంతటి మీద పలికేటప్పుడు లాటిన్‌లో బహువచనం చేశారు. అంటే రెండింటికీ ఆధారం ఉంది. నన్నడిగితే ‘నిన్ను’ ఉంచేయమంటాను. గుంపులో కూర్చున్నా ఎవరికి వారికి తగులుతుంది. ‘మిమ్మల్ని’ అంటే మర్యాదగా ఉంటుంది కానీ ఎవరికీ తగలదు.

ఇంకొక సంగతి, భాషాప్రియులకు. హీబ్రూలో మొదటి వచనంలో 3 మాటలు, రెండోదానిలో 5, మూడోదానిలో 7. దీవెన పోనుపోను పెరుగుతుంది. అనువాదంలో లెక్క కుదరదు కానీ, చదివేటప్పుడు మొదటిది పొట్టిగా, చివరిది నిదానంగా వచ్చేలా చూసుకోవచ్చు.

జవాబు:

‘గాక’ గురించి ఎవరూ అందుకోలేదు, నేను అందుకుంటాను.

‘ప్రభువు నిన్ను కాపాడాలి’ అంటే అది దేవుడి మీద బాధ్యత పెట్టినట్టుంటుంది, లేదంటే ‘ఇక దేవుడే కాపాడాలి’ అన్నంత నిరాశగా ఉంటుంది. ఫలితాల ముందు ఆ వాక్యం అస్సలు వద్దు! ‘కాపాడాలని కోరుకుంటున్నాను’ అంటే అది ఫాదర్‌గారి సొంత శుభాకాంక్ష అయిపోతుంది. తర్వాతి వచనం, అంటే 27వది చూడండి. యాజకులు నా పేరు ఉచ్చరిస్తారు, ఆశీర్వదించేది నేను అంటాడు దేవుడు. చెప్పేవాడు పక్కకు తప్పుకోవడమే ఈ దీవెనలోని విశేషం. ఆ పని తెలుగులో ‘గాక’ ఒక్కటే చేస్తుంది. కావ్యాల్లో ‘గాత’, ‘గావుత’ కూడా దీనికి చుట్టాలే.

మామూలు మాటల్లో ఆశీరర్థం, అంటే దీవించే క్రియారూపం, లేదనుకోకండి. ‘నీ ఇల్లు బంగారం కాను!’, ‘నీ నోట్లో పంచదార పోయ!’ ఇవన్నీ అదే పని చేస్తున్నాయి. తిట్లలో అయితే ఇంకా చురుగ్గా ఉంది, ఉదాహరణలు ఇవ్వను. గమ్మత్తేమిటంటే, ఆ రూపాల్ని ఎవరూ పాతవి అనరు.

అడిగినవారు:

‘గాక’ ఉంచేస్తున్నాను. దీవెన మధ్యలో ‘సన్నిధిని ప్రకాశింపజేసి’ అన్నచోట మూలంలో ‘ముఖం’ అని ఉందట కదా, అలా మార్చవచ్చా? ఇంకోటి, ఫాదర్‌గారు మొదట్లో ‘మీకు వీడ్కోలు పలుకుతున్నాను’ అన్నారు. వెళ్ళేది పిల్లలు కదా, వీడ్కోలు చెప్పాల్సింది ఎవరు?

జవాబు:

ముఖం అనే ఉంది. ఆ భాషలో దేవుడు ముఖం దాచుకోవడం అంటే అనుగ్రహం తప్పిందని. మనకూ ‘ముఖం చాటేశాడు’ ఉంది. ఆ రకంగా ముఖం బాగానే అతుకుతుంది. కానీ ‘తన ముఖము ప్రకాశింపజేసి’ అని మైకులో చదివితే అద్దం ముందు తయారవుతున్నట్టుంటుంది. సన్నిధి అంటే దగ్గర ఉండటం కూడా కలిసొస్తుంది. బడి దాటి వెళ్ళేవాళ్ళకు కావాల్సిందీ అదే కదా. ముట్టుకోకండి.

వీడ్కోలు విషయంలో పాత తెలుగు చాలా కచ్చితంగా ఉండేది. వెళ్ళేవాడు వీడ్కొంటాడు, పంపేవాడు వీడ్కొలుపుతాడు. ఇప్పుడు రెండువైపులా ‘వీడ్కోలు పలకడమే’, తప్పుపట్టేవాళ్ళు లేరు. అయినా ఫాదర్‌గారి నోట ‘పోయిరండి’ అన్న మాట ఇంకా బాగుంటుంది. మనలో వెళ్ళేవాణ్ణి ఊరికే వెళ్ళమనం, ‘రండి’ కలిపే పంపుతాం.

జవాబు:

దానికి నాదొక అభ్యంతరం. గురుకులంలో చదువు ముగిస్తే ‘సమావర్తనం’, అంటే ఇంటికి మళ్ళడం. మన ‘పోయిరండి’ కూడా మళ్ళే మాటే. కానీ కతోలిక పూజ ముగింపులో లాటిన్ మాట ‘ఇతే, మిస్సా ఎస్త్’. ఇతే అంటే వెళ్ళండి. ‘రండి’ లేదు. పూజను మిస్సా అని పిలవడం ఈ పంపకం మాట నుంచే వచ్చింది. ఇక్కడి పంపకంలో ఒక పని అప్పగింత ఉందని 16వ బెనెడిక్ట్ పోపు 2007లో రాశారు. ఫాదర్‌గారు చెప్పదలచింది ఇదే అయితే, తెలుగు మర్యాద కోసం ‘రండి’ తగిలిస్తే ఆ బరువు తగ్గిపోతుంది. ‘సమాధానంతో వెళ్ళండి’ అన్నది కూడా పూజ ముగింపు రూపాల్లో ఒకటే. అది వాడుకోమనండి, కింద దీవెనలోని సమాధానానికీ జత కుదురుతుంది.

అడిగినవారు:

ఫాదర్‌గారికి రెండూ చూపించాను. మొదట్లో ‘సమాధానంతో వెళ్ళండి’ తీసుకున్నారు, ‘వీడ్కోలు పలుకుతున్నాను’ కొట్టేశారు. ‘పోయిరండి’ మాత్రం రాసి చదివే మాట కాదట, మెట్లు దిగేటప్పుడు ఎలాగూ అంటారట.