బడి కమిటీకి పోటీ పెడితే ఊరు చీలుతుందా? ఏకగ్రీవమే మేలా?

ఒంగోలు నాన్న:
మాది ప్రకాశం జిల్లాలో ఓ పల్లె. మా అమ్మాయి జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. 2024 ఆగస్టు 8న ఎన్నికైన ఎస్‌ఎంసీలకు, అంటే తల్లిదండ్రులతో ఏర్పడే బడి నిర్వహణ కమిటీలకు, రెండేళ్ల గడువు. అది 2026 ఆగస్టుకు తీరుతుంది కాబట్టి కొత్త చైర్మన్ ఎవరన్న మాట మా ఊళ్లో అప్పుడే మొదలైంది.

మా వీధిలో ఒకావిడ నిలబడతానంటోంది. మిరప కోతలకు వెళ్తుంది, ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు రావడం లేదని బడికి వెళ్లి గట్టిగా అడిగింది కూడా ఆవిడే. పెద్దమనుషులేమో "బడిలో ఓట్లేంటమ్మా, అందరం కూర్చుని ఒక పేరు అనుకుందాం" అంటున్నారు. ఆ కూర్చునే చోటికి మా వీధి వాళ్లను ఏనాడూ పిలవలేదు.

తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున ఆరు నుంచి పది దాకా పదిహేను మంది ఎన్నికవుతారు, వాళ్లలోంచి చైర్మన్‌నీ వైస్ చైర్మన్‌నీ ఎన్నుకుంటారు. పద్ధతి ఇంత స్పష్టంగా ఉంటే పేర్లు ముందే ఎందుకు ఖాయం చేయాలి? ఓటింగ్ జరగాల్సిందేనని నా పట్టుదల. మీరేమంటారు?

రిటైర్డ్ హెచ్‌ఎం, గుంటూరు:
బాబూ, మీ ఆవేదన అర్థమైంది. కానీ హెచ్‌ఎంగా కమిటీ సమావేశాలు నడిపే కన్వీనర్ కుర్చీలో కూర్చున్నవాడిగా నా అనుభవం వేరు. చైర్మన్ పదవికి పోటీ జరిగిన ఏడాది ఓడిన వర్గం సభ్యులు మీటింగులకు రావడం మానేశారు. కోరం, అంటే మీటింగు చెల్లడానికి రావలసినంత మంది, లేదు. కోరం లేకపోతే తీర్మానం లేదు. తీర్మానం లేకపోతే గ్రాంటు కదలదు. బళ్లకు డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధన ప్రకారం 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చేది రూ.50 వేలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. పెద్దల పంతానికి ఆ డబ్బు ఆగిపోతే ఇబ్బంది పడేది పిల్లలు.

ఇంకో సంగతి. 2021లోనూ 2024లోనూ కొన్ని ఊళ్లలో ఈ ఎన్నికల రోజు బడి గేటు దగ్గర పోలీసులను పెట్టాల్సి వచ్చింది. పార్టీ గుర్తులు లేని ఎన్నికకు పార్టీల వాళ్లు వచ్చి నిలబడితే ఆ గొడవ పిల్లల కళ్లముందే జరుగుతుంది. ఇంత చూశాక ఏకగ్రీవమే మేలని నేనంటాను.

కర్నూలు అమ్మ:
సార్, మీరంటే గౌరవం ఉంది, కానీ ఒప్పుకోలేను. నేను కమిటీలో సభ్యురాలిగా చేశాను. మా బడిలో ఏకగ్రీవమే జరిగింది. చైర్‌పర్సన్ పేరు ఒక ఆడమనిషిది, మీటింగుకు వచ్చేది ఆమె భర్త. మీటింగు తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం ఇంటికి పంపితే ఆమె సంతకం పెట్టి పంపేది. అందులో ఏం రాశారో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు ఉండాలని చెప్పింది. పేరు మాత్రమే మహిళదైతే ఆ సగం ఎక్కడున్నట్టు?

గొడవలు ఓటు వల్ల రావడం లేదండీ. పేర్లు బయట ఖాయం చేసుకుని వచ్చి బడిలో చదివి వినిపిస్తారు, కోపం అక్కడ పుడుతుంది. పైగా చేతులెత్తే పద్ధతి పెడితే, రేపు ఎవరి చేనుకు కూలికి వెళ్లాలో వాళ్ల ఎదురుగానే చెయ్యి ఎత్తాలి. ఎవరెత్తుతారు? రహస్య ఓటు పెట్టే వీలు ఉంది. తల్లులు ఆ మాట గట్టిగా అడగాలి.

ఈ కమిటీకి అధికారం లేదని కొట్టిపారేసే వాళ్లకు ఒక మాట. 2025లో తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టేటప్పుడు మూడు, నాలుగు, ఐదు తరగతులను వేరే బడికి మార్చడానికి కమిటీల తీర్మానాలే అడిగారు. మీ ఊరి చిన్నపిల్లలు పక్క ఊరికి నడిచి వెళ్లాలా వద్దా అన్న కాగితం మీద ఉండేది ఆ చైర్మన్ సంతకమే. అంత పెద్ద సంతకం ఎవరిదో నిర్ణయించే రోజున పని మానుకునైనా వెళ్లాలి.

సూర్యాపేట టీచర్:
మా తెలంగాణ సంగతి కూడా కలుపుతున్నా. ఇక్కడ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలే దానికి చైర్‌పర్సన్, హెచ్‌ఎం మెంబర్ కన్వీనర్. బడి మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులు ఆ కమిటీ ద్వారా జరిగాయి. పోటీ గొడవ లేదు, పొదుపు సంఘంలో లెక్కలు రాసిన అనుభవం ఉంది కాబట్టి బిల్లుల దగ్గర గట్టిగా నిలబడ్డ అక్కలను చూశాను. అంతవరకు మంచిదే.

కానీ ఆ అధ్యక్షురాలి పిల్లలు మా బడిలోనే చదవాలని లేదు. తన బిడ్డ రోజూ తినే అన్నం గురించి అడిగే తల్లికీ, బాధ్యతగా అడిగే మనిషికీ తేడా ఉంటుంది. అందుకే ఎన్నికే కావాలంటాను. కాకపోతే ఎన్నిక తర్వాత శిక్షణ కూడా కావాలి. గెలిచిన తల్లికి ఖాతా పుస్తకం చూడటం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయడం ఎవరూ నేర్పకపోతే మళ్లీ అంతా హెచ్‌ఎం చేతిలోకే పోతుంది. హెచ్‌ఎంలు కావాలని లాక్కుంటారని కాదు, పని ఆగకూడదని వాళ్లే చేసేస్తారు.

రిటైర్డ్ హెచ్‌ఎం, గుంటూరు:
కర్నూలు అమ్మ గారు చెప్పిన సంతకం మాట నిజం. ఇంటికి పుస్తకం పంపడం నేనెప్పుడూ ఒప్పుకోలేదు, కానీ చాలాచోట్ల జరుగుతుందని తెలుసు. నేను ఏకగ్రీవం అన్నది తల్లిదండ్రుల సమావేశంలో, అందరి ముందూ కుదిరేదాని గురించి. రచ్చబండ దగ్గర కుదిరిన పేరును నేనూ ఒప్పుకోను. అయితే ఓడినవాళ్లను మళ్లీ మీటింగుకు తెచ్చే బాధ్యత గెలిచినవాళ్లదే. పోటీకి దిగేముందే ఆవిడ ఆ మాట ఇవ్వగలదా?

ఒంగోలు నాన్న:
ఇవ్వగలదు సార్. నేనే అడిగాను. తను గెలిస్తే వైస్ చైర్మన్ పదవి అవతలి వీధి వాళ్లకు ఇవ్వడానికి సిద్ధమంది. ఇద్దరిలో ఒకరు ఎలాగూ మహిళ అయి ఉండాలి కదా, ఆ లెక్కా సరిపోతుంది. కానీ ఆ ఒప్పందం కూడా బడి ఆవరణలో, అందరూ వినేలా జరగాలని చెప్పింది.

మా అసలు చిక్కు కోరం. సగం మంది తల్లిదండ్రులైనా రావాలి, ఎన్నిక పనిరోజున పెడితే మా వీధి సగం చేలల్లో ఉంటుంది. ఒక పూట కూలి పోతుందని మానేస్తే మిగిలిన సగం చేతులెత్తి తేల్చేస్తారు. అందుకని నోటీసు రాగానే మేస్త్రీతో మాట్లాడి ఆ రోజు చేలో పనులు ఆపించాలని నలుగురం అనుకున్నాం.

కర్నూలు అమ్మ:
అదొక్కటి చేయండన్నా, సగం పని అయినట్టే. మొత్తం రోజు ఆపక్కర్లేదు, ఆ పూట వరకు చాలు. ఇంకొకటి, ఆవిడ తన బిడ్డ తరగతి నుంచి ముందు సభ్యురాలిగా గెలవాలి, చైర్మన్ ఓటు ఆ తర్వాతే. చాలామంది చైర్మన్ పదవి మీదే కన్నేసి తరగతి ఓటు దగ్గర ఓడిపోతారు. ఆ తరగతి తల్లుల ఇళ్లకు ఇప్పటినుంచే వెళ్లమనండి. పిల్ల ఏ తరగతి?

ఒంగోలు నాన్న:
ఇప్పుడు ఏడు, అప్పటికి ఎనిమిదికి వస్తుంది. ఆ తరగతి తల్లుల్లో సగం మంది ఆవిడతోపాటు కోతలకు వచ్చేవాళ్లే. మిగతావాళ్ల ఇళ్లకు ఈ ఆదివారం మా ఆవిడ తోడు వెళ్తానంది.